ఓమ్ గుర్తు నుండి బండి ఱ దాకా: హన్మకొండలో వెబ్ పేజీలు చేసిన నాటి జ్ఞాపకాలు

అచ్చు పనిలో నుండి వెబ్ పనిలోకి వచ్చిన మా తరం వారికి మొదట ఎదురైన ఆశ్చర్యం ఒక్కటే. మన తెర మీద చక్కగా కనిపించిన అక్షరం ఎదుటివారి తెర మీద కూడా అలాగే కనిపిస్తుందన్న పూచీ ఏదీ ఉండేది కాదు. డీటీపీలో పెండ్లి పత్రిక చేసినా, కాలేజీ ప్రశ్నపత్రం చేసినా, ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి ఒకసారి సరిచూసుకున్నాక ఇక భయం లేదు. కాగితానికి ఎక్కిన గుర్తు కాజీపేటలో చదివినా కరీంనగర్‌లో చదివినా ఒకటే. వెబ్ పేజీలో మనం పంపేది అక్షరాల బొమ్మ కాదు, సంఖ్యల వరుస. ఆ సంఖ్యలు ఏ అక్షరాలవో తేల్చుకోవడం, ఆ అక్షరాలకు తగిన రూపాన్ని ఏదో ఒక ఫాంటులో వెతికి తెర మీద నిలపడం, ఈ రెండు పనులూ చదివేవారి కంప్యూటరువే. పంపేవారికీ చదివేవారికీ మధ్య ఈ ఒప్పందం మెల్లమెల్లగా కుదురుతూ వచ్చిన ఏళ్లను నేను హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక చిన్న మేడగదిలో కూర్చుని చూశాను. నా పనిజీవితంలో అన్నిటికన్నా ఇష్టంగా గుర్తు చేసుకునే కాలం అదే.

మా దగ్గరికి వచ్చిన మొదటి పెద్ద పని భౌతికశాస్త్రం నోట్సు. ఇంటర్ పిల్లలకు చదువు చెప్పే ఒక సారు అంతకుముందే వేరేచోట తన నోట్సును వెబ్ పేజీలుగా చేయించుకున్నారు. ఆయన ఇంటి కంప్యూటరులో ఆ పేజీలు చూడముచ్చటగా ఉండేవి. ఒక శిష్యుడు ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో వాటిని తెరిచి చూసి, విద్యుత్ పాఠంలో నిరోధాలన్నీ వాట్లలో ఉన్నాయని చెప్పాడట. సారు ప్రింటు పట్టుకుని మేడమెట్లు ఎక్కి వచ్చి, "పది ఓములు పది వాట్లెట్ల అయితయి, చూడు నువ్వే" అని బల్ల మీద పరిచారు. నిజంగానే నిరోధానికి కొలత అయిన ఓమ్ గుర్తు (Ω, గ్రీకు ఒమేగా) ఉండవలసిన చోటల్లా వాటుకు గుర్తైన ఆంగ్ల పెద్దక్షరం డబ్ల్యూ ఉంది. కెపాసిటర్ల పాఠం ఇంకా ప్రమాదకరంగా ఉంది. మైక్రోఫారడ్‌లోని మ్యూ అక్షరం పోయి దాని స్థానంలో ఎం వచ్చింది. ఎం అంటే మిల్లీ కనుక ప్రతి విలువా వెయ్యి రెట్లు పెరిగింది. ఇదే తేడా మందుల మోతాదు పట్టికలో వస్తే ఏమవుతుందోనని ఆ రోజు సారు అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

దీనికి కారణం ఆ రోజుల్లో అందరూ వాడిన ఒక పద్ధతి. సింబల్ అనే ఫాంటులో ఆంగ్ల ఎ అక్షరం స్థానంలో ఆల్ఫా, బి స్థానంలో బీటా, ఎల్ స్థానంలో లామ్డా, ఎం స్థానంలో మ్యూ, పి స్థానంలో పై, పెద్ద డబ్ల్యూ స్థానంలో ఒమేగా బొమ్మలు ఉంటాయి. కాబట్టి ఆంగ్ల అక్షరం కొట్టి, దాని చుట్టూ ఈ ఫాంటు పేరు రాస్తే గ్రీకు గుర్తు వచ్చేది. అయితే పేజీలో ఉన్నది డబ్ల్యూనే, ఒమేగా దాని మీద వేసిన వేషం మాత్రమే. ఆ ఫాంటు లేని యంత్రంలో వేషం ఊడిపోతుంది. కొన్ని బ్రౌజర్లయితే ఆ ఫాంటు ఉన్నా ఒప్పుకోవు. పేజీ డబ్ల్యూ అని చెబుతున్నది, ఈ ఫాంటులో డబ్ల్యూ అనే అక్షరం లేదు, కనుక వేరే ఫాంటులోంచి అసలైన డబ్ల్యూ తెచ్చి చూపిస్తాను అన్నది వాటి వాదం. ఆ వాదమే సరైనదని ఒప్పుకోవడానికి మా మేడగదిలో చాలా చర్చ జరిగింది. బ్రౌజరు మొండికేస్తున్నదని కోపగించుకున్న వాళ్లం క్రమంగా, అది పేజీలో రాసి ఉన్నదాన్నే చదువుతున్నదని గ్రహించాం.

మార్గం అప్పటికే సిద్ధంగా ఉంది. వెబ్ పేజీలు రాసే భాషకు 1997 డిసెంబరులో ప్రమాణమైన రూపం హెచ్‌టీఎంఎల్ 4, పేజీలోని అక్షరాలన్నిటికీ, లిపుల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికనే ఆధారంగా తీసుకుని, 252 గుర్తులకు పేర్లు కూడా ఇచ్చింది. గ్రీకు అక్షరమాల అందులో ఉంది. ఆంపర్‌సాండ్ (&) గుర్తు, ఆ వెంట పేరు, చివర సెమికోలన్ పెడితే చాలు. పేరుకు బదులు ఆంపర్‌సాండ్ తర్వాత హాష్ (#) పెట్టి సంఖ్య కూడా రాయవచ్చు, పేరు లేని గుర్తులకు అదే దారి. ఒమేగాకు 937, మ్యూకు 956, పైకు 960. ఈ సంఖ్య ఫాంటుది కాదు, అక్షరానిది. అందుకే ఏ ఫాంటు వాడినా అది ఒమేగాగానే ఉంటుంది, ఒకవేళ చూపించలేకపోతే డబ్బా వస్తుంది కాని మరో అక్షరం రాదు. తప్పుడు గుర్తు కంటే డబ్బా వేయి రెట్లు నయం అన్నది ఆనాడు నాలో నాటుకున్న అభిప్రాయం, అది మారలేదు. డబ్బాను చూసినవాడు ఏదో కనిపించలేదని తెలుసుకుంటాడు. డబ్ల్యూను చూసినవాడు వాట్లనుకుని లెక్క చేసేస్తాడు.

నోట్సు మొత్తం ఇలా మార్చడానికి చాలా రాత్రులు పట్టాయి. సారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తన పుస్తకంలో ఒక్కో సూత్రాన్ని వేలితో చూపిస్తూ సరిచూసేవారు. డిగ్రీ గుర్తు దగ్గర మళ్లీ అదే రకం తిప్పలు కనిపించాయి. చాలామంది సున్నా అంకెను చిన్నది చేసి పైకెత్తి డిగ్రీ అనిపించేవారు. రామగుండం ఎండల గురించిన ఒక లెక్కలో 46 డిగ్రీలు అని ఉన్నదాన్ని ఒక పిల్లవాడు కాపీ చేసుకుంటే, పైకెత్తిన సున్నా కిందికి దిగి 460 అయింది. డిగ్రీకి (°) 176 అనే సొంత సంఖ్య ఉంది, అది ఎక్కడికి వెళ్లినా డిగ్రీగానే వెళ్తుంది. మ్యూ విషయంలో ఒక చిన్న చిక్కు కూడా ఉంది. గ్రీకు అక్షరంగా దాని సంఖ్య 956 అయితే, మైక్రో గుర్తుగా పాత లాటిన్ పట్టిక నుండి వచ్చిన మరో సంఖ్య 181 ఉంది. ఓమ్‌కు కూడా 8486 అనే వేరే స్థానం ఉన్నది గాని, దానికి బదులు గ్రీకు ఒమేగానే వాడమని యూనికోడ్ చెబుతుంది. కంటికి ఒకటే అయినా వెతికేటప్పుడు యంత్రానికి వేరు వేరు. సారు ఒక నిర్ణయం చేసి, పుస్తకమంతా ఒకే సంఖ్య ఉండాలన్నారు. వర్డ్‌లో నుండి తెచ్చి అతికించిన వంపు కొటేషన్లు, పొడుగు గీతల సంగతి చెప్పనవసరం లేదు. 128 నుండి 159 దాకా ఉన్న, వేరే యంత్రాల్లో సరిగ్గా కనిపించని విండోస్ సొంత సంఖ్యలను పక్కన పెట్టి, 8217, 8211 వంటి అసలు సంఖ్యలను పెట్టడంతో అది తీరిపోయింది.

గ్రీకు గుర్తుల కథ ఇంత తేలికగా ముగిసింది గాని, తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పటి తెలుగు వెబ్ పేజీలన్నీ సింబల్ ఫాంటు పద్ధతి మీదే నడిచేవి. ఆంగ్ల అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. ఒక్కో దినపత్రికది ఒక్కో ఫాంటు, ఒకదాని అమరిక మరొకదానికి పొసగదు. ఫాంటు దిగుమతి చేసుకోకుండా పేజీ తెరిస్తే అర్థం లేని ఆంగ్ల అక్షరాల గుంపు. ఆ పేజీలో వరంగల్ అని వెతికితే దొరకదు, ఎందుకంటే అందులో వరంగల్ అనే మాటే లేదు. తర్వాతి రోజుల్లో ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన పద్మ అనే పొడిగింపు, ఇలాంటి పేజీలను చదివేటప్పుడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అది పెట్టుకున్నాక పాత వార్తలను మొదటిసారి వెతుక్కోగలిగినప్పుడు కలిగిన సంతోషం నాకు బాగా గుర్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. భారతీయ లిపుల కోసం 1988లో వచ్చిన ఇస్కీ అనే సంకేతాల పట్టిక క్రమాన్ని అనుసరించి భారతీయ లిపులకు 128 చొప్పున గదులు ఇచ్చారు. తెలుగు గదులు పదహారాంశ లెక్కలో 0సి00 దగ్గర, మామూలు లెక్కలో 3072 దగ్గర మొదలవుతాయి. అ 3077, క 3093, అరసున్న 3073, బండి ఱ 3121. ఈ సంఖ్యలు నాకు ఇంటి నంబర్ల కంటే బాగా నోటికి వచ్చేవి. కాని పట్టికలో చోటు దొరకడం వేరు, తెర మీద నిలబడడం వేరు. తెలుగులో పొల్లు వచ్చిన చోట తరువాతి హల్లు వత్తుగా మారాలి, గుణింతం హల్లును చుట్టుకోవాలి. ఆ కూర్పు చేసే భాగం విండోస్‌లో ఉండాలి, అది చెప్పినట్టు వినే ఫాంటు కూడా ఉండాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికేవి. బమ్మెర అప్పట్లో మా జిల్లా ఊరే కనుక, పోతన పేరు పెట్టుకున్న ఫాంటును మా గదిలోని ప్రతి యంత్రంలో వేయడం మాకు సొంత గౌరవంగా ఉండేది.

ఎక్స్‌పీలో అంతా ఉండీ ఒక తలుపు మూసి ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ భాషల పేజీకి వెళ్లి, సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిలో టిక్కు పెడితే, అది విండోస్ సీడీ పెట్టమని అడిగేది. ఆ సీడీ ఇంటర్నెట్ సెంటర్లలో ఎవరి దగ్గరా ఉండేది కాదు. నయీంనగర్ లోనూ కిషన్‌పుర లోనూ ఉన్న సెంటర్లకు నేను సీడీ జేబులో పెట్టుకుని వెళ్లి, యజమానిని బతిమాలి, ఒక్కో యంత్రంలో ఆ టిక్కు పెట్టి వచ్చేవాణ్ని. "తమ్మీ, నీ తెలుగు కోసం నా సిస్టం ఖరాబు చేయకు" అన్న ఒక అన్న, పనయ్యాక తన ఊరి పేరును తెలుగులో కొట్టించుకుని, ఆ పేరును చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆంగ్ల అక్షరాల్లో కొట్టిన మాటను తెలుగులోకి మార్చే లేఖిని 2006లో వచ్చాక కీబోర్డు నేర్చుకోవలసిన అవసరం కూడా తప్పి, సెంటరుకు వచ్చిన కాలేజీ పిల్లలు తమంతట తామే తెలుగు కొట్టడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో మమ్మల్ని అందరికంటే ఎక్కువగా ఏడిపించిన చిక్కు వేరే ఉంది, దాని గురించి కొంత వివరంగా చెప్పాలి. మా గదిలో హార్డ్ డిస్కు నుండి తెరిస్తే పేజీ శుభ్రంగా తెలుగులో ఉండేది. అదే ఫైలును సర్వరుకు ఎక్కించి చూస్తే, తెర నిండా నెత్తి మీద వాలుగీత ఉన్న ఆంగ్ల ఎ అక్షరాలు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, అక్కడక్కడా ± గుర్తులు. దీన్ని చూసి ఫాంటు లేదనుకుని ఫాంట్లు వేసుకున్నవాళ్లను చాలామందిని ఎరుగుదును. ఇది ఫాంటు సంగతే కాదు. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరం మూడు బైట్లుగా వెళ్తుంది. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండవది రెండే రకాలు. పాత పాశ్చాత్య పట్టికలో ఆ మొదటి బైటుకు వాలుగీత ఎ అక్షరం, రెండవదానికి డిగ్రీ గుర్తో ± గుర్తో ఉన్నాయి. పొల్లు, కొమ్ములు, ఏత్వాలు, ఓత్వాలు రెండవ రకంలోకి వస్తాయి గనుక, ± గుర్తులు ఎక్కువగా ఉన్న వాక్యంలో వత్తులూ గుణింతాలూ ఎక్కువని చూడగానే చెప్పగలిగేవాళ్లం. అంటే తెలుగు ఎక్కడికీ పోలేదు, బైట్లన్నీ భద్రంగా ఉన్నాయి, బ్రౌజరు వాటిని వేరే పట్టికతో చదువుతున్నది.

పేజీ తలభాగంలో యూటీఎఫ్-8 అని మేము స్పష్టంగా రాసినా అది ఎందుకు వినడం లేదో తెలుసుకోవడానికి చాలా చదవవలసి వచ్చింది. సర్వరు పేజీని పంపే ముందు తనవైపు నుండి ఒక చీటీ పంపుతుంది, అందులో అక్షరాల పద్ధతి రాసి ఉంటే, పేజీ లోపల రాసినదాని కంటే దానికే విలువ ఎక్కువ. మేము అద్దెకు తీసుకున్న సర్వరు ప్రతి పేజీకీ ఆ పాత పాశ్చాత్య పట్టిక పేరైన ఐఎస్ఓ 8859-1 అని చీటీ కట్టి పంపుతున్నది. డిస్కు నుండి తెరిచినప్పుడు ఆ చీటీ లేదు, కనుక పేజీ మాట చెల్లింది. సర్వరు వాళ్లకు రాసిన ఉత్తరాలకు జవాబు వచ్చేదాకా మేము మరో దారి పట్టాం. తెలుగు మొత్తాన్ని, ఒక్కో అక్షరాన్నీ, హాష్ పెట్టి సంఖ్యలుగా మార్చే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాం. అప్పుడు పేజీలో ఉన్నవి కేవలం అంకెలు, కొన్ని ఆంగ్ల గుర్తులు. ఏ పట్టికతో చదివినా అవి మారవు. అయితే మూడు బైట్లలో పోయే అ అనే అక్షరానికి ఇప్పుడు ఏడు బైట్లు. డయలప్ మీద ఆ బరువు తెలిసిపోయేది, పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగేది. పైగా ఆ ఫైలును తెరిచి ఒక మాట సరిదిద్దాలంటే అంకెల అడవిలో వెతకాలి. తర్వాత మా ఖాతాలోనే ఒక చిన్న అమరిక ఫైలు పెట్టి, యూటీఎఫ్-8 అని చీటీ మార్చుకోవచ్చని తెలిసిన రోజు, ఆ పేజీలన్నిటినీ మళ్లీ తెలుగులోకి తిప్పుకున్నాం. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఆ పద్ధతి మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. పాత ఆంగ్ల ఫైళ్లను ఒక్క బైటు కూడా మార్చకుండా ఉంచి, ప్రపంచంలోని లిపులన్నిటికీ చోటిచ్చిన కూర్పు అది.

ఇక ప్రశ్నార్థకాలు. వీటిని చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. డబ్బాలు కనిపిస్తే అక్షరం ఉంది, ఫాంటు లేదు. వాలుగీత ఎ అక్షరాలు కనిపిస్తే బైట్లు ఉన్నాయి, చదివే పట్టిక తప్పింది. ప్రశ్నార్థకాలు మాత్రమే వరుసగా కనిపిస్తే అక్షరం చాలాసార్లు శాశ్వతంగా పోయినట్టే. నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి, దాచేటప్పుడు యాన్సీ అన్న పాత పద్ధతి ఎంపికను అలాగే వదిలేస్తే, అది హెచ్చరించినా చదవకుండా సరే అంటే, ప్రతి తెలుగు అక్షరం స్థానంలో నిజమైన ప్రశ్నార్థకం రాసి పెట్టేది. ఆ ఫైలును ఎవరూ బాగుచేయలేరు. ఒక పెద్దాయన తన తండ్రి గురించి రాసుకున్న వ్యాసాన్ని ఇలా పోగొట్టుకుని ఫ్లాపీ పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. చేతిరాత ప్రతి ఉన్నందున మేము మళ్లీ కొట్టి ఇచ్చాం. నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో దాచే రోజు విండోస్ 10లో 2019 నాటికి గాని రాలేదు.

పేజీలు నిలబడ్డాక మా దగ్గరికి తెలుగు సారు వచ్చారు. ఆయన కాలేజీలో ఛందస్సు చెప్పేవారు, హన్మకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలో ఆయన కూర్చునే బల్ల అందరికీ తెలుసు. పద్యాలకు అరసున్నలు, బండి ఱలు వదలకుండా పెట్టాలన్నది ఆయన పట్టుదల. ఇవి తొలినుండీ యూనికోడ్‌లో ఉన్నాయి కనుక ఇబ్బంది రాలేదు. సంధిలో అకారం లోపించిందని చూపే గుర్తు అవగ్రహం, దాని దగ్గర ఆగిపోయాం. తెలుగు గదుల్లో దానికి అప్పటికి చోటే లేదు. స్తోత్రాలు పెట్టేవాళ్లు నమో2స్తు అని రెండంకె వేసేవారు, ఇంకొందరు ఆంగ్ల జెడ్ వేసేవారు. సారు రెండూ ఒప్పుకోలేదు. "రెండో అంకె రెండో అంకెనే, అది అవగ్రహం ఎట్లయితది?" అన్నారు. భౌతికశాస్త్రం సారు వాట్ల గురించి అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో తెలుగు అవగ్రహానికి 3133వ స్థానం దొరికేదాకా ఆయన ఆ పేజీలను వెబ్‌లో పెట్టనివ్వలేదు. ఆ తర్వాత కూడా పాత ఫాంట్లలో ఆ గుర్తు లేక డబ్బా వచ్చేది. డబ్బా వస్తే రానివ్వు, ఫాంటు ఇవాళ కాకుంటే రేపు వస్తుంది, అక్షరం మాత్రం సరైనదే ఉండాలె అని ఆయన తీర్పు.

గురు లఘువుల గుర్తులను పద్యం మీద నిలపడం ఇంకో పెద్ద పని. అచ్చులో అక్షరం నెత్తిన యూ ఆకారం, నిలువు గీత సరిగ్గా కూర్చుంటాయి. పేజీలో మేము మొదట పట్టికలు గీసి, పై వరుసలో గుర్తు, కింది వరుసలో అక్షరం పెట్టాం. ఫాంటు పరిమాణం మారితే చాలు, పద్యం చెల్లాచెదురయ్యేది. జపాను వారి కోసం పుట్టిన రూబీ అనే ట్యాగు మాకు అక్కరకు వచ్చింది. అక్షరం మీద చిన్న గుర్తును నిలిపి, రెండింటినీ కలిపి కదిలించడమే దాని పని. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. భక్తి అనే మాటను విడదీసేటప్పుడు భ ఒక ముక్క, క్తి మొత్తం ఒక ముక్క కావాలి. క్ దగ్గర కోస్తే వత్తు తెగిపోయి పొల్లు బయటపడుతుంది. ఛందస్సులో అక్షరం అంటే ఏమిటో యంత్రానికి కూడా అదే అక్షరమని సారు చాలా సంతోషపడ్డారు.

కనిపించని గుర్తు ఒకటి ఉంది, దాని విలువ పోయినప్పుడే తెలుస్తుంది. 8204 అనే సంఖ్య దానిది. పొల్లుకూ తరువాతి హల్లుకూ మధ్య నిలబడి అవి కలవకుండా చూస్తుంది. కరీంనగర్‌వాసులు అన్న మాటలో అది ఉంది. దాన్ని తీసేస్తే కరీంనగర్వాసులు అవుతుంది. మేము వాడిన ఒక ప్రోగ్రాము, కనిపించనివన్నీ చెత్త అనుకుని వాటిని ఏరిపారేసేది. వ్యాసం ఎక్కించిన ప్రతిసారీ ఎక్స్‌ప్రెస్‌లూ సాఫ్ట్‌వేర్‌లూ వికృతంగా అతుక్కుపోయేవి. ఈ చిన్న గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ్ఞ తర్వాత ఇదే గుర్తు, ఆ తర్వాత దీర్ఘం వచ్చిన వరుసను చూపించబోయి ఐఫోన్లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లోనే దానికి సవరణ వచ్చింది గాని, తెలుగు కూర్పును సాఫ్ట్‌వేరు ఎంత శ్రద్ధగా పరీక్షించాలో ఆ వారం అందరికీ తెలిసింది.

రూపాయి గుర్తు ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2010 జూలై 15న కేంద్ర మంత్రివర్గం ఉదయ కుమార్ గీసిన గుర్తును ఆమోదించింది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి ధరలు పెట్టే పేజీ ఒకటి మా చేతిలో ఉండేది, దాని యజమానికి మర్నాడే కొత్త గుర్తు కావాలి. వెంటనే చలామణిలోకి వచ్చిన ఒక ఫాంటులో, కీబోర్డు మీద ఒకటో అంకె పక్కనున్న ఏటవాలు చుక్క గీత స్థానంలో రూపాయి బొమ్మ పెట్టారు. మళ్లీ అదే వేషం. ఆ ఫాంటు లేని రైతు చూస్తే ధర ముందు ఒక వాలుగీత మాత్రమే కనిపిస్తుంది. మేము రూ. అనే రాస్తూ ఆగాం. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన యూనికోడ్ 6.0లో ₹ గుర్తుకు 8377 దక్కింది. ఫాంట్లు, ఫోన్లు దాన్ని అందుకోవడానికి మరికొంత కాలం పట్టినా, ఆ పేజీలో రాసిన ఒక్క ధరను కూడా తర్వాత తిరగరాయవలసిన అవసరం రాలేదు.

ఫాంటును పేజీతో పాటే పంపగలిగిన రోజున మా కష్టాల్లో సగం తీరాయి. ఆ ఊహ 1990ల నాటిదే గాని, బ్రౌజరుకు ఒక రకం ఫైలు ఉండడం వల్ల ఎవరికీ ఉపయోగపడలేదు. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 నుండి మేము ధైర్యంగా వాడాం, 2012 చివరికి వాఫ్ అనే ఒకే రకం ఫైలు ప్రమాణమైంది. ఆ తర్వాత గూగుల్ ఫాంట్లలో తెలుగువి వరుసగా చేరాయి. వాటిలో సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద సురవరం అన్న ఫాంటు కనిపించినప్పుడు, తెలంగాణ వారి శీర్షికలన్నిటికీ కొన్నాళ్లు అదే వాడాను. తెలుగు ఫాంటును పేజీ కోసం చిన్నది చేసేటప్పుడు అక్షరాల పట్టిక మాత్రమే చూసి కోయకూడదు. వత్తుల రూపాలకు సొంత సంఖ్యలు లేవు, అవి కూర్పు నియమాల ద్వారా వస్తాయి. ఆ నియమాలు పోతే ఫాంటు ఉండీ పొల్లులే మిగులుతాయి. దండాల సంగతి కూడా చూసుకోవాలి. ।, ॥ గుర్తులు దేవనాగరి గదుల్లో ఉన్నా మనమూ వాడుకునేవే. తెలుగు ఫాంటులో అవి లేకపోతే బ్రౌజరు మరో ఫాంటులోంచి తెస్తుంది, శ్లోకం చివర సన్నని గీతలు వేరుగా తేలిపోతాయి.

యూనికోడ్ 5.1తో వచ్చిన వాటిలో నాకు ఎంతో ప్రియమైనవి మన పాత లెక్కల గుర్తులు. కాలు, అర, ముక్కాలుకు నిలువు గీతలు, వాటిలో నాలుగో వంతులైన వీసం మొదలైన వాటికి అడ్డగీతలు, ధాన్యం కొలత తూముకు ఒక గుర్తు. పాత ఖాతా పుస్తకం ఒకటి మా చేతికి వచ్చినప్పుడు, అందులోని బియ్యం లెక్కను ౹, ౺, ౼ గుర్తులతో ఉన్నదున్నట్టు పేజీలో పెట్టగలిగాం. అంతకుముందైతే బొమ్మలు అతికించడం తప్ప దారి లేదు, బొమ్మలోని అంకెను ఎవరూ వెతకలేరు, కూడలేరు.

ఇప్పుడు మా పని శాసనాల మీద నడుస్తున్నది. కరీంనగర్ దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన పదో శతాబ్దపు శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. అలాంటి పాతకాలపు పాఠాలకు కావలసిన ఴ 2014లో యూనికోడ్‌లోకి వచ్చింది, నకారపొల్లు ౝ 2021లో వచ్చింది. చాలా ఫోన్లలో రెండవది ఇప్పటికీ డబ్బాగానే కనిపిస్తుంది. అందుకే ఆ పేజీలతో మా ఫాంటును మేమే పంపుతున్నాం, పేజీ ఎక్కించే ముందు పాత ఫోను ఒకటి, కొత్త ఫోను ఒకటి, ఇంటర్నెట్ సెంటరులోని కంప్యూటరు ఒకటి తెరిచి అక్షరం అక్షరం చూస్తున్నాం. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుడి శాసనం తరువాతి వంతు. అందులో సంస్కృతం ఎక్కువ కాబట్టి ముందుగా అవగ్రహాలు, దండాలు ఒకే ఫాంటులో నిలుస్తున్నాయో లేదో పరీక్షించే పేజీ ఒకటి సిద్ధం చేశాం. తెలుగు సారు దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లలు పాఠాన్ని సరిచూస్తున్నారు.